నడక వచ్చింది సరే, చొక్కా గుండీ ఎవరు పెట్టారు? పక్షవాతం: అపోహలు - వాస్తవాలు

నేను ఫిజియోథెరపిస్టుని. సొంతూరు హిందూపురం, ఉండేది బెంగళూరు రామమూర్తినగర్‌లో. స్కూటర్ మీద కె.ఆర్.పురం, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఇళ్లకు వెళ్లి స్ట్రోక్ వచ్చినవాళ్లకు వ్యాయామం చేయిస్తుంటాను. వాళ్లలో సగానికి పైగా మన తెలుగువాళ్లే. కొడుకో కూతురో ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే అనంతపురం నుంచో కడప నుంచో వచ్చి ఏడో అంతస్తులో చిక్కుకుపోయిన పెద్దవాళ్లు చాలామంది. నలభై కూడా దాటని ఉద్యోగస్తులూ ఉన్నారు.

కొత్త ఇంటికి వెళ్తే మొదటిరోజే ఎవరో ఒకరు ఫోన్‌లో వీడియో చూపిస్తారు. "చూడండి మేడం, ఈయనకూ ఇలాగే వచ్చిందంట. మూడు నెలలకే పార్కులో తిరుగుతున్నాడు." ముందు మంచం, తర్వాత వాకర్, చివర్లో పార్కు, వెనకాల పాట. వీడియో అబద్ధమని నేననను. కానీ అది నడక దగ్గరే ఆగిపోతుంది. ఆ మనిషి ఇంటికి వెళ్లాక చొక్కా గుండీలు ఎవరు పెట్టారో, స్నానానికి స్టూలు మీద ఎవరు కూర్చోబెట్టారో అందులో ఉండదు. నేను రోజూ చూసేదేమో ఆ భాగమే.

అపోహ: నడిచాడంటే కోలుకున్నట్టే.

ఎక్కువమందికి కాలు ముందు వస్తుంది, చేయి వెనకబడుతుంది. దీనికి కారణం ఉంది. స్ట్రోక్ ఎక్కువగా దెబ్బతీసేది మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ అనే రక్తనాళం వెళ్లే భాగాన్ని. అక్కడ చేతికీ ముఖానికీ సంబంధించిన చోటే ఎక్కువ, కాలిది తక్కువ. పైగా కాలు బరువు మోసి, తుంటి దగ్గర్నుంచి ఊపి ముందుకు వేసినా నడక అయిపోతుంది. గుండీ పెట్టాలంటే వేళ్లు వేటికవి కదలాలి.

ఆ నడక కూడా ఇంట్లో టైల్స్ మీద నడకే. మా ఏరియాలో ఫుట్‌పాత్ అంటే ఊగే రాతి పలకలు, వాటి మీదికి ఎక్కే బైకులు. హాల్లో ఇరవై రౌండ్లు తిరిగే ఆయన ఎదురు రోడ్డులోని మెడికల్ షాపుకు ఒక్కడే వెళ్లలేడు. నా లెక్కలో ఆయన ఇంకా 'నడవలేదు'.

ఇక అన్నం సంగతి. ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు (వివరాలు కొంచెం మార్చాను). కుడిచేయి పడిపోయింది. ఇంట్లో ఎడమచేత్తో స్పూనుతో తినడం నేర్చుకున్నారు. మేనకోడలి పెళ్లికి మాత్రం రానన్నారు. ఇంట్లోవాళ్లు మెట్లని భయపడుతున్నారేమో అనుకున్నారు. నాలుగో రోజున మాస్టారే నాతో అన్నారు: "పంక్తిలో కూర్చుని ఎడమచేత్తో ఎలా తిననమ్మా? తాంబూలం ఏ చేత్తో తీసుకోను?" స్ట్రోక్ ఫారాల్లో ఈ ప్రశ్నకు గడి ఉండదు. అప్పట్నుంచి మొదటిరోజే నేనే అడుగుతున్నాను, ఏ పని సొంతంగా చేసుకోలేకపోవడం అన్నిటికంటే కష్టంగా ఉందని. "నడవాలి" అనే జవాబు అనుకున్నంతగా రాదు. బాత్రూమ్, పంచె కట్టు, జడ, ఫోన్ పే పిన్, బ్యాంకులో సంతకం... ఇవీ జవాబులు.

అపోహ: బంతి పిసికితే చేయి వస్తుంది, కప్పీ కడితే భుజం వస్తుంది.

పసుపు రంగు నవ్వు మొహం బంతి లేని స్ట్రోక్ ఇల్లు నాకింకా తగల్లేదు. చాలామందికి కొన్ని వారాలకు వేళ్లు బిగుసుకుని లోపలికి ముడుచుకుంటాయి. అలాంటి చేతికి మూయడం రాకపోవడం సమస్య కాదు, తెరవడం రాకపోవడమే సమస్య. రోజంతా పిసికితే తెరవడం ఎక్కడ నేర్చుకుంటుంది? బంతి పక్కన పెట్టి, గ్లాసు పట్టుకుని వదలడం, తువ్వాలుతో టేబుల్ తుడవడం చేయిస్తాను.

కప్పీ ఇంకా ప్రమాదం. తలుపు పైన తాడూ కప్పీ కట్టి, మంచిచేత్తో లాగి పడిపోయిన చేయిని పైకి లేపిస్తారు. భుజం కండరాలు వదులైన మనిషికి ఎముక కీలులోంచి కిందికి జారి ఉంటుంది. దాన్ని అలా లాగితే నొప్పి పుట్టి అసలు వ్యాయామమే ఆగిపోతుంది. అమెరికాలో 2016లో వచ్చిన స్ట్రోక్ పునరావాస మార్గదర్శకాలు కూడా తలపైకి లాగే కప్పీలు వద్దనే చెప్పాయి. మంచం మీంచి లేపేటప్పుడు ఆ చేయి పట్టుకుని లాగకండి. ఈ ఒక్క జాగ్రత్త పాటిస్తే సగం భుజం నొప్పులు రావని నా అనుభవం.

అపోహ: విల్ పవర్ ఉంటే వచ్చి తీరుతుంది. మూడు నెలల్లో రాకపోతే ఇక రాదు.

ఈ రెండూ ఒకే ఇంట్లో వింటాను. మొదటి మూడు నెలలు పట్టుదల లేదని తిడతారు, నాలుగో నెలలో ఇక చాల్లెమ్మని నన్ను మానుకోమంటారు.

ఎంత వస్తుందనేది ఎక్కువగా మొదట ఎంత దెబ్బ తగిలిందన్న దాన్ని బట్టే ఉంటుంది. రక్తనాళంలో రక్తం గడ్డకట్టడం వల్ల వచ్చిన స్ట్రోక్ అయి, మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఆ గడ్డ కరిగించే ఇంజెక్షన్ పడితే, కొందరు వారానికే లేచి తిరుగుతారు. వీడియోలో ఆ గంటల లెక్క చెప్పరు, పట్టుదల గురించి చెబుతారు. మొదటి మూడు నెలల్లో మార్పు వేగంగా ఉంటుందన్నది నిజం. తర్వాత నెమ్మదిస్తుంది, ఆగిపోదు. ఏడాది తర్వాత జడ వేసుకోవడం నేర్చుకున్నవాళ్లు నాకు తెలుసు.

జిల్ బోల్టీ టేలర్ అనే అమెరికా మెదడు శాస్త్రవేత్తకు 1996 డిసెంబరులో, 37 ఏళ్ల వయసులో స్ట్రోక్ వచ్చింది. ఆమె ప్రసంగం ప్రపంచమంతా చూసింది. పూర్తిగా కోలుకోవడానికి ఎనిమిదేళ్లు పట్టిందని ఆమే చెప్పింది. ప్రసంగం ఫార్వర్డ్ చేసేవాళ్లు ఎనిమిదేళ్ల మాట ఫార్వర్డ్ చేయరు.

అపోహ: శ్లోకం చెబుతున్నాడు, మాట్లాడమంటే మాట్లాడడు. నటిస్తున్నాడు.

ఇది విన్నప్పుడు నాకు నిజంగా కోపం వస్తుంది. మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ కిరాణా కొట్టు నడిపిన ఒకాయన భార్య పేరు చెప్పలేడు, నీళ్లు కావాలని అడగలేడు. "శుక్లాంబరధరం" మొదలుపెడితే చివరిదాకా చెబుతాడు. ఒకటి నుంచి పది దాకా లెక్కపెడతాడు, కోపం వస్తే బూతు స్పష్టంగా పలుకుతాడు. దీన్ని అఫేసియా అంటారు. బట్టీ పట్టినవి, అలవాటుగా నోట్లోంచి వచ్చేవి మిగలొచ్చు. అనుకున్న మాటను వెతికి తెచ్చే దారి దెబ్బతింటుంది. తెలివి పోలేదు, నటనా కాదు.

ఆయనకు తెలుగు, కన్నడ, తమిళం, హిందీ నాలుగూ వచ్చు. స్పీచ్ థెరపీ కన్నడలో జరిగింది, ఇంట్లో మాట తెలుగు. థెరపిస్టు తప్పేం లేదు, ఎవరూ చెప్పలేదంతే. మొదటిరోజే చెప్పండి, ఇంట్లో ఏ భాషో, మనిషి కొట్లాడేది ఏ భాషలోనో.

అన్ని భాషలు మెదడుకు భారమేమో అనీ అడుగుతారు. హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలో 608 మంది స్ట్రోక్ రోగుల మీద న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి బృందం చేసిన పరిశీలన 2016లో వచ్చింది. స్ట్రోక్ తర్వాత జ్ఞాపకశక్తి, ఆలోచన మామూలుగా ఉన్నవాళ్లు ఒకే భాష వచ్చినవాళ్లలో 19.6 శాతం, రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు వచ్చినవాళ్లలో 40.5 శాతం. అఫేసియా విషయంలో మాత్రం రెండు గుంపులకూ తేడా కనబడలేదు.

అపోహ: అంతా బాగుంది, బద్ధకమే.

స్ట్రోక్ తర్వాతి అలసట నిద్రపోతే తీరేది కాదు. దాదాపు సగంమందికి ఉంటుంది, చేయీ కాలూ పూర్తిగా వచ్చినవాళ్లకు కూడా. ఆఫీసులో చేరిన ఒకబ్బాయి రెండు మీటింగులయ్యాక కార్లో పడుకునేవాడు. "చూడ్డానికి బాగానే ఉన్నావుగా" అన్నమాటే తనకు పెద్ద టెన్షన్ అనేవాడు. చిన్నదానికే ఏడుపు, ఆపుకోలేని నవ్వు కూడా మెదడు దెబ్బ వల్లే వస్తాయి. దిగులు (డిప్రెషన్) వేరు. అది మూడింట ఒకరికి వస్తుంది, దానికి మందుంది, డాక్టరుకు చెప్పాలి.

అపోహ: నడక వచ్చేసింది, ఇక మాత్రలెందుకు.

బీపీ మాత్ర మానేసి పావురం రక్తం రాసినవాళ్లను చూశాను. రక్తం రాస్తే చర్మం మురికవుతుంది. మాత్ర మానితే ఇంకో స్ట్రోక్ రావచ్చు. అమెరికా లెక్కల్లో దాదాపు నాలుగు స్ట్రోకుల్లో ఒకటి ఇదివరకే వచ్చినవాళ్లకు వచ్చేదే.

అపోహ: వ్యాయామం ఇంట్లోవాళ్లకు నేర్పిస్తే చాలు.

నేర్పిస్తాను, నేర్పించాలి కూడా. కానీ దీన్ని మన దేశంలోనే పరీక్షించి చూశారు. అటెండ్ అనే ట్రయల్‌లో 14 ఆస్పత్రుల్లో 1250 మంది రోగులను తీసుకుని, కొందరి కుటుంబసభ్యులకు పునరావాస శిక్షణ ఇచ్చారు. 2017లో ఫలితం వచ్చింది. ఆరు నెలల తర్వాత చూస్తే మరణాల్లో గానీ, మరొకరి మీద ఆధారపడటంలో గానీ మామూలు వైద్యానికీ దీనికీ తేడా లేదు. ఇంట్లోవాళ్లు పనికిరారని కాదు. డబ్బులు మిగులుతాయని మొత్తం బరువు వాళ్ల మీద వేస్తే పని జరగదని.

ఆ ఇంట్లోవాళ్లంటే భార్య, లేకపోతే కోడలు. విజయగాథల్లో వాళ్లకు దొరికేది చివర్లో ఒక థాంక్స్. మాస్టారి భార్య పోయిన వారం నన్ను గుమ్మం దగ్గర ఆపి మెల్లగా అడిగారు: "పాపా, రేపు కాస్త ముందొస్తావా? తలకు పోసుకుని పది రోజులైంది, ఈయన్ని వదిలి బాత్రూములోకి పోలేకున్నా." మర్నాడు అరగంట ముందే వెళ్లాను. ఆమె వచ్చేదాకా మాస్టారూ నేనూ బాల్కనీలో తువ్వాళ్లు మడతపెట్టాం, కుడిచేత్తో ఆరు.