మీ బడి మంచినీళ్ల ప్లాంటు గురించి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ బడిలో మంచినీళ్ల ప్లాంటు పెట్టారనీ, దానిమీద బ్యాంకు పేరు పెద్దక్షరాలతో రాశారనీ ఫోన్లో చెప్పారు. "మనం డబ్బులేం కట్టలేదు కదా, మరి ఎందుకిచ్చారు తాతయ్యా?" అని చిన్నది అడిగింది. ఫోన్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ అని ఒకటుంది. ఒక స్థాయి దాటిన కంపెనీ ఏదైనా గడిచిన మూడేళ్ల లాభాల సగటులో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. దాన్నే సీఎస్ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత అంటారు. ప్రైవేటు బ్యాంకులు కంపెనీలే కనుక వాటికిది వర్తిస్తుంది. 1969లోనూ 1980లోనూ జాతీయం చేసిన బ్యాంకులు వేరే చట్టాల కింద నడుస్తాయి. ఈ లెక్క వాటికి లేకపోయినా తమ లాభంలోంచి అవీ ఎంతో కొంత ఇస్తాయి. మీ ప్లాంటు అలా వచ్చిందే. హాయిగా తాగండి.

కానీ పిల్లలూ, బ్యాంకు లాభంలోంచి ఇచ్చేది దోసెడైతే, మనందరం దాచుకున్న డబ్బు తీసి అప్పుగా ఇచ్చేది చెరువంత. ఆ చెరువు ఏ పొలాలకు పారుతోందో చూడాలి.

నేను బ్యాంకులో ఫీల్డాఫీసరుగా ఉన్న రోజుల్లో ఒక ఊరి శివార్లో బట్టల అద్దకం యూనిట్‌కు అప్పు సిఫారసు చేశాను. తాకట్టు చూశాను, లెక్కలు చూశాను, కిస్తీలు కట్టగలడా లేదా అని చూశాను. వాడిన నీళ్లు ఎటు పోతాయని మాత్రం అడగలేదు. రెండేళ్లు తిరక్కుండానే పక్క బావిలో నీళ్లు టీ డికాక్షన్ రంగుకు తిరిగాయి. గేదెలు కూడా మూతి పెట్టేవి కావు. అప్పు మాత్రం ఒక్క కిస్తీ తప్పకుండా తీరింది. మా రికార్డుల్లో అది మంచి అప్పు. ఆ బావి ఈనాటికీ నా కళ్లముందు నుంచి పోలేదు.

2007 డిసెంబరులో రిజర్వు బ్యాంకు ఈ విషయంలో వాణిజ్య బ్యాంకులకు సర్క్యులర్ పంపింది. మనుషుల మేలూ, పర్యావరణమూ మీ వ్యాపారంలో భాగమేనని గుర్తుచేసింది. 2023లో గ్రీన్ డిపాజిట్లకు నియమాలు పెట్టింది. ఆ డిపాజిట్ల సొమ్ము సౌర విద్యుత్తు లాంటి పనులకే వెళ్లాలి, బొగ్గు తవ్వకానికి పోకూడదు. నా రోజుల్లో ఇలాంటిదొకటి ఉంటే అద్దకం యూనిట్ కాగితాలు ఇంకోలా చదివేవాణ్ణేమో.

నాకు తృప్తినిచ్చిన అప్పులూ ఉన్నాయి. వాణిజ్య బ్యాంకులిచ్చే అప్పుల్లో 40 శాతం వ్యవసాయం, చిన్న పరిశ్రమలు, బలహీన వర్గాల లాంటి ప్రాధాన్య రంగాలకు వెళ్లాలని నియమం. లక్ష్యం తప్పితే ఆ లోటు మేర సొమ్ము నాబార్డు (వ్యవసాయానికీ, పల్లెల అభివృద్ధికీ ఉన్న జాతీయ బ్యాంకు) లాంటి సంస్థలు నడిపే నిధుల్లో వేయాలి. పొదుపు సంఘాలకు బ్యాంకు అప్పులిప్పించే పని 1992లో నాబార్డే మొదలుపెట్టింది. మన ఊళ్లలో డ్వాక్రా సంఘాలంటామే, అవీ అలా బ్యాంకు మెట్లెక్కినవే. రామాలయం అరుగు మీద పదిమంది ఆడవాళ్లు గుండ్రంగా కూర్చునేవాళ్లు. మధ్యలో తీర్మానాల పుస్తకం, ఇంకు ప్యాడ్. ఒకామె మొదటిసారి వేలిముద్ర వేసి, సిరా అంటిన బొటనవేలు తలకు రాసుకుంది. గేదె కొనడానికి అప్పు. తాకట్టు ఏమీ లేదు, మిగతా తొమ్మిదిమంది మాటే హామీ. మూడో అప్పు నాటికి అక్షరాలు కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. అది చూస్తుంటే నా గొంతు పట్టేసింది.

ఈసారి మేనేజరుగారు మీ బడికొస్తే, "ఈ ఏడు మన ఊళ్లో ఏయే పనులకు అప్పులిచ్చారండీ?" అని మర్యాదగా అడగండి. ఇంకో పని కూడా చేయాలి. ఆ ప్లాంటు నీళ్లను శుభ్రం చేసేటప్పుడు ఉప్పునీళ్లు పక్క గొట్టంలోంచి బయటికి వదిలేస్తుంది. ఆ గొట్టం వెంట నడిచి, నీళ్లు ఎటు పోతున్నాయో చూసి నాకు రాయండి.

ప్రేమతో,
మీ తాతయ్య