యూరియా బస్తా నుంచి కాంటా దాకా: వరిలో అపోహలు – వాస్తవాలు

వడ్ల రేటు తేలేది కాంటా దగ్గరే. కానీ తేమ ఎక్కువుంది, తాలుంది, పచ్చి గింజ ఉందని అక్కడ వినే ప్రతి మాటకూ పొలంలో రెండు నెలల ముందే బీజం పడి ఉంటుంది. అందుకే సాగునూ అమ్మకాన్నీ ఇక్కడ కలిపే రాస్తున్నాం.

అపోహ: పైరు ఎంత నల్లగా (ముదురు పచ్చగా) ఉంటే అంత దిగుబడి.

వాస్తవం: తెలంగాణలో వానాకాలం వరికి ఎకరాకు 40 నుంచి 48 కిలోల నత్రజని సరిపోతుంది. దమ్ములో (నాటే ముందు మడిని బురదగా దున్నేటప్పుడు) ఒక బస్తా డీఏపీ, అంటే నత్రజని, భాస్వరం కలిసిన ఎరువు వేస్తే 9 కిలోలు అందులోనే వచ్చేస్తుంది. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు ఉంటుంది కాబట్టి, పంట మొత్తానికి ఒకటిన్నర నుంచి రెండు బస్తాల లోపు చాలు. దాన్ని నాటేటప్పుడు, పిలకలు వేసేటప్పుడు, అంకురం (కంకి పుట్టే) దశలో మూడు దఫాలుగా వేయాలి.

అంకురం దశను రోజులు లెక్కపెట్టి కాదు, మొక్కను చూసి గుర్తుపట్టాలి. తల్లి పిలకను పీకి, మొదలు దగ్గర బ్లేడుతో నిలువుగా చీల్చండి. పై కణుపు మీద దూది మొనలా చిన్న తెల్లటి కంకి కనబడితే ఆఖరి దఫాకు అదే సమయం. మడిలో నీళ్లు తీసేసి బురద పదునులో చల్లాలి, 36 నుంచి 48 గంటల తర్వాత మళ్లీ నీళ్లు పెట్టాలి. నిండు నీళ్లలో చల్లితే చాలావరకు గాలిలో, కాలువలో పోతుంది.

మోతాదు దాటితే అగ్గితెగులు, పాముపొడ, ఆకుముడత వస్తాయని అందరికీ తెలుసు. అసలు దెబ్బ కోతప్పుడు తగులుతుంది. ఆలస్యంగా వేసిన యూరియాకు ఆలస్యంగా పిలకలు లేస్తాయి. తల్లి కంకి బంగారు రంగుకు వచ్చేసరికి వాటి గింజ ఇంకా పాల మీదే ఉంటుంది. హార్వెస్టర్ రెండింటినీ కలిపి కోస్తుంది. తేమ మిషన్‌లో అంకె పెరగడానికి, కుప్పలో పచ్చి గింజ, తాలు కనబడటానికి ఇదొక పెద్ద కారణం.

అపోహ: పైపాటుగా కాంప్లెక్స్ ఎరువు (నత్రజని, భాస్వరం కలిసినది) వేస్తే పిలక బాగా వస్తుంది.

వాస్తవం: భాస్వరం వేసిన చోటు నుంచి పెద్దగా కదలదు. అదంతా దమ్ములోనే పడాలి. పైన చల్లితే పచ్చబడేది అందులోని నత్రజని వల్ల, అది యూరియాలో ఎంతో చౌకగా దొరుకుతుంది.

అపోహ: దుబ్బు రసం పీల్చే సుడిదోమకు మందు మార్చి మార్చి కొడితే చాలు.

వాస్తవం: దోమ ఉండేది దుబ్బు మొదట్లో, మందు పడేది ఆకు మీద. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు–పడమరగా వదలాలి. దుబ్బుకు 10–15 దోమలు కనబడితే నీళ్లు తీసేసి, మొదళ్లు తడిసేలా పిచికారీ చేయాలి. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు మాత్రం వద్దు, వాటితో దోమ ఇంకా ఎగబడుతుంది.

అపోహ: కోత దాకా నీళ్లుంటేనే గింజ బరువు.

వాస్తవం: కోతకు వారం, పది రోజుల ముందే నీళ్లు ఆపాలి, నల్లరేగడిలో ఇంకాస్త ముందే. తడి మడిలో యంత్రం దిగబడుతుంది, వడ్లలో మట్టి పెళ్లలు చేరతాయి.

అపోహ: ఆరబెడితే తూకం పోయి నష్టమే.

వాస్తవం: ఇది లెక్క వేసి చూడాల్సిన విషయం. 24 శాతం తేమ ఉన్న క్వింటాల్ వడ్లలో 24 కిలోలు నీళ్లే. కొనుగోలు కేంద్రంలో ఒప్పుకునే 17 శాతానికి ఆరితే 91 కిలోల 600 గ్రాములు మిగులుతాయి. 2025–26లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాల్‌కు 2,369 రూపాయలు. ఆ లెక్కన ఆరిన వడ్లకు వచ్చేది సుమారు 2,170. కాబట్టి కల్లంలో పచ్చి వడ్లను ఎవరైనా 2,170కి అడిగితే ఇచ్చేయొచ్చు, కూలి, పరదాల కిరాయి, వాన భయం తప్పుతాయి. 1,900కి అడిగితే మాత్రం క్వింటాల్‌కు 270 వదులుకున్నట్టే. తేమ ఎంతున్నా సూత్రం ఒకటే: వందలోంచి తేమ శాతం తీసేసి, 83తో (వందలో 17 శాతం తేమ పోగా మిగిలేది) భాగించి, మద్దతు ధరతో గుణించాలి.

ఆరబెట్టడంలోనూ తొందర పనికిరాదు. మండుటెండలో పలచగా పరిచి, రాత్రి మంచుకు వదిలేస్తే గింజ లోపల పగులుతుంది. పొట్టు ఒలిచి బియ్యపు గింజను వెలుతురుకు పట్టి చూడండి, అడ్డంగా సన్నటి గీత ఉంటే అది మిల్లులో నూకే. యాసంగి వడ్లలో నూక ఎక్కువ రావడానికి ఏప్రిల్, మే ఎండలే ప్రధాన కారణం. రెండంగుళాల మందాన పరిచి, గంటకోసారి తిరగేసి, పొద్దుగూకకముందే కుప్ప చేసి కప్పాలి. తేమ చూసేందుకు కుప్ప పైనుంచి గుప్పెడు తీస్తే తప్పుడు అంకె వస్తుంది. నాలుగు చోట్ల లోపలి నుంచి తీసి కలపాలి.

అపోహ: మద్దతు ధర కంటే తక్కువకు ఎవరూ కొనకూడదు.

వాస్తవం: అది ప్రభుత్వ సంస్థలు కొనే ధర మాత్రమే. ప్రైవేటు వ్యాపారి దానికి కట్టుబడి లేడు. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలోనైనా నాణ్యత ప్రమాణాలు దాటకూడదు: తేమ 17 శాతం, మట్టి–రాయి 1, గడ్డి–తాలు వంటివి 1, దెబ్బతిన్న, రంగు మారిన, మొలకెత్తిన గింజ 5, పూర్తిగా తయారుకాని గింజ 3 శాతం. తూర్పారబట్టి తీసుకెళ్తే తరుగు పేరుతో బస్తాకు కిలోలు కోయడానికి సాకు ఉండదు. కోస్తే గట్టిగా అడగాలి, అది మీ కష్టం.

అపోహ: నాలుగు నెలలు ఆపితే రేటు తప్పక వస్తుంది.

వాస్తవం: పాత సన్నబియ్యానికి గిరాకీ ఉంటుంది, దొడ్డు వడ్లకు కొనుగోలు కేంద్రాలు మూతపడ్డాక ఆ భరోసా లేదు. పైగా ధర ఎగుమతి నిబంధనలను బట్టి కదులుతుంది. 2023 జూలైలో బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేశారు, 2024 సెప్టెంబరులో మళ్లీ తెరిచారు. ఇది గ్రామంలో ఎవరూ ముందే చెప్పలేని సంగతి. నిల్వ చేయాలంటే 13 శాతానికి ఆరబెట్టాలి, అంటే 17 శాతం నుంచి క్వింటాల్‌కు మరో 4 కిలోల 600 గ్రాములు తగ్గుతుంది. రేటు 2,483 దాటితే గానీ ఆ తరుగు పూడదు. వడ్డీ, సంచులు, ఎలుకల లెక్క ఆ పైన.