తెలుగునాట వైద్య పరికరాల పరిశ్రమ: పార్కులకు ముందు, తరువాత

తెలుగు రాష్ట్రాలలో వైద్య పరికరాల పరిశ్రమ అనగానే హైదరాబాద్ సమీపంలోని సుల్తాన్‌పూర్, విశాఖపట్నం పారిశ్రామిక పార్కుల ప్రస్తావనే ముందుగా వస్తుంది గాని, దాని మూలాలు 1990ల నాటి హైదరాబాద్‌లో ఉన్నాయి. అగ్ని క్షిపణి కోసం తయారైన మిశ్రమ పదార్థం ఎంత తేలికగా ఉందో గమనించిన నిమ్స్ ఎముకల వైద్యుడొకరు, అబ్దుల్ కలాంను తమ ఆసుపత్రికి తీసుకెళ్లి, కాళ్లకు ఆసరాగా కట్టే, మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు క్యాలిపర్లతో కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్న పిల్లలను చూపించారు. కొద్ది వారాల్లోనే అదే పదార్థంతో 300 గ్రాముల క్యాలిపర్ సిద్ధమైంది. హృద్రోగ నిపుణుడు సోమరాజుతో కలిసి కలాం రూపొందించిన చవక స్టెంటు (గుండె రక్తనాళం మూసుకుపోకుండా తెరిచి ఉంచే గొట్టం) కూడా ఆ దశాబ్దానిదే. రక్షణ ప్రయోగశాలలు, ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని, ఎలక్ట్రానిక్స్‌లో ఆరితేరిన ఈసీఐఎల్, పెద్దాసుపత్రులు ఒకే నగరంలో ఉండటం అరుదైన అవకాశం.

అయినా అది వెంటనే పరిశ్రమగా ఎదగలేదు. నమూనా చేయగలగడం వేరు, అది శరీరానికి హాని చేయదనీ, విద్యుదయస్కాంత ప్రభావాలకు లోనుకాకుండా పనిచేస్తుందనీ నిరూపించి అమ్మగలగడం వేరు. ఆ పరీక్షల ఖర్చు చిన్న సంస్థలకు మోయలేని భారం. పైగా చాలా పరికరాలకు ప్రత్యేక నిబంధనలే లేకపోవడంతో ఆసుపత్రులు విదేశీ ధ్రువీకరణలనే నమ్ముకున్నాయి.

2017లో పరిస్థితి మారడం మొదలైంది. జనవరిలో కేంద్రం వైద్య పరికరాల నిబంధనలను ప్రకటించింది. ఫిబ్రవరిలో, అప్పటిదాకా రోగులకు లక్ష రూపాయలు దాటి పడుతున్న మందుపూత స్టెంటు గరిష్ఠ ధరను సుమారు 29,600 రూపాయలకు పరిమితం చేసింది. జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం సుల్తాన్‌పూర్ పార్కును ప్రారంభించింది. 2016లో శంకుస్థాపన జరిగి, 2018 డిసెంబరులో ప్రారంభమైన విశాఖ పార్కు, అంటే మెడ్‌టెక్ జోన్, అసలు లోపాన్ని సరిగా గుర్తించిందని చెప్పాలి. సుమారు 270 ఎకరాల స్థలం కన్నా, జీవ అనుకూలత (శరీరానికి హాని చేయకపోవడం), విద్యుదయస్కాంత పరీక్షలు, గామా కిరణాలతో క్రిములను చంపే శుద్ధి వంటి సదుపాయాలను అన్ని సంస్థలకూ ఉమ్మడిగా అందుబాటులో ఉంచడమే దాని అసలు బలం. 2020లో కోవిడ్ విరుచుకుపడి దిగుమతులు కుంటుపడినప్పుడు పరీక్ష కిట్లు, వెంటిలేటర్లు అక్కడి నుంచే బయటికి వచ్చాయి.

అదే ఏడాది అన్ని వైద్య పరికరాలూ ఔషధ చట్టం పరిధిలోకి రాగా, దేశీయ తయారీకి కేంద్రం 3,420 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకాన్ని ప్రకటించింది. స్టెంట్ల విషయంలో దేశం నిలదొక్కుకుంది. స్కానింగ్ యంత్రాలకు గుండెకాయ వంటి ఎక్స్‌రే ట్యూబులు, డిటెక్టర్లకు మాత్రం ఇంకా ఎక్కువగా విదేశాల మీదే ఆధారపడుతున్నాం.