స్పెయిన్ క్రిస్మస్ లాటరీ: అపోహలు - వాస్తవాలు

డిగ్రీ విద్యార్థులకు సంభావ్యత చెప్పడం నా వృత్తి. ఆ పాఠాన్ని ఏటా స్పెయిన్ క్రిస్మస్ లాటరీతోనే మొదలుపెడతాను. 1812లో కాడిజ్ నగరంలో పుట్టిన ఈ లాటరీ డ్రా ఇప్పుడు డిసెంబరు 22న మాడ్రిడ్‌లో జరుగుతోంది. అక్కడ ఉదయం తొమ్మిదంటే మనకు మధ్యాహ్నం ఒకటిన్నర. సెలవు కాకపోతే క్లాసులోనే లైవ్ పెడతాను. దాని గురించి ఎక్కువగా వినే మాటలు ఇవి.

అపోహ: మొదటి బహుమతి ఒక్కరికే తగులుతుంది.

వాస్తవం: అందరూ పొరబడేది ఇక్కడే. 00000 నుంచి 99999 దాకా మొత్తం లక్ష నంబర్లు. కానీ ప్రతి నంబరునూ చాలా సిరీస్‌లలో అచ్చువేస్తారు. 2024లో 193 సిరీస్‌లు వేశారు. 200 యూరోల టికెట్‌ను పది ముక్కలు చేసి, ముక్క 20 యూరోలకు అమ్ముతారు. ఆ ముక్కను దెసిమో అంటారు. అంటే ఒకే నంబరు 1,930 చేతుల్లో ఉండొచ్చు. మొదటి బహుమతి 'ఎల్ గోర్దో' (లావుపాటిది అని అర్థం) తగిలితే దెసిమోకు 4 లక్షల యూరోలు. 40 వేలు దాటిన సొమ్ముపై 20 శాతం పన్ను పోగా 3,28,000 చేతికొస్తాయి.

దేశమంతా ఎందుకు ఎగబడుతుందంటే, నా దృష్టిలో కారణం ఈ ముక్కలే. ఆఫీసంతా కలిసి ఒక నంబరు, వీధి చివరి బారుకు ఒక నంబరు, ఊరి క్లబ్బుకు ఇంకోటి. 20 యూరోలు ఎక్కువనుకునేవాళ్లకు సంఘాలు ఇంకా చిన్న వాటాలు చేసి, కొంత విరాళం కలుపుకుని అమ్ముతాయి. లాటరీ మీద ఏమాత్రం నమ్మకం లేనివాళ్లూ కొంటారు. పక్క సీటువాళ్లందరికీ తగిలి, తానొక్కరే మిగిలిపోతే ఎలా? కాలనీ వినాయకుడికి చందా రాసేటప్పుడు "అందరూ ఉన్నారు, మన పేరు లేకపోతే బాగుండదు" అంటామే, అలాంటిదే.

2011లో వెస్కా ప్రాంతంలోని సొదేతో అనే చిన్న ఊళ్లో దాదాపు ఇంటింటికీ ఎల్ గోర్దో తగిలింది. గృహిణుల సంఘం గడపగడపకూ తిరిగి వాటాలు అమ్మింది, ఒక్క ఇల్లు తప్ప. ఈ సంగతి చెప్పినప్పుడల్లా మా పిల్లలు గెలిచినవాళ్ల గురించి అడగరు, ఆ ఒక్క ఇంటి గురించే అడుగుతారు.

అపోహ: కొన్ని నంబర్లు, కొన్ని షాపులు కలిసొస్తాయి.

వాస్తవం: చివర 5 ఉన్న నంబరు కోసం అక్కడ చాలామంది వెతుకుతారు. కిందటేడు డ్రాకీ ఈ ఏటి బంతికీ ఏ సంబంధమూ లేదు. ఒకసారి వచ్చిన నంబరు మళ్లీ రాదనేవాళ్లకు 15640 చూపిస్తాను: 1956లో వచ్చింది, 1978లో మళ్లీ వచ్చింది. మాడ్రిడ్‌లో దోన్యా మనొలీతా షాపు ముందు గంటల తరబడి క్యూ కడతారు. అక్కడ అమ్మకాలు ఎక్కువ, అందుకే బహుమతులూ ఎక్కువ. మీ ఒక్క దెసిమోకు ఎల్ గోర్దో అవకాశం ఎక్కడ కొన్నా లక్షలో ఒకటే.

అపోహ: అంతా కంప్యూటర్ చేతిలోనే ఉంటుంది.

వాస్తవం: పెద్ద గోళంలో లక్ష చెక్క బంతులు, చిన్న గోళంలో 1,807 బహుమతి బంతులు. బరువులో తేడా రాకుండా అంకెల్ని లేజర్‌తో చెక్కుతారు. శాన్ ఇల్దెఫాన్సో స్కూలు పిల్లలు జంటగా నిలబడి, ఒకరు నంబరు పాడితే ఇంకొకరు బహుమతి పాడతారు. చాలాసేపు వినిపించేది "మిల్ ఎవురోస్", అంటే వెయ్యి యూరోలు. గంటలకొద్దీ అదే రాగం. పెద్ద బంతి పడగానే పిల్లల గొంతు మారుతుంది, హాలంతా లేచి నిలబడుతుంది. భాష రాకపోయినా మా క్లాసుకు అర్థమవుతుంది.

అపోహ: కొంటే లాభమే.

వాస్తవం: టికెట్ల విలువలో 70 శాతమే బహుమతులు. 20 యూరోలు పెడితే సగటున 14 తిరిగొస్తాయి. వంద నంబర్లలో సుమారు ఐదింటికి పెట్టినదానికన్నా ఎక్కువ వస్తుంది, పదింటికి పెట్టింది పెట్టినట్టు వెనక్కొస్తుంది, మిగతా 85కి ఏమీ రాదు.

అపోహ: "మీ ఈమెయిల్‌కు స్పెయిన్ లాటరీ తగిలింది."

వాస్తవం: ఇది పచ్చి మోసం. టికెట్ కొననివాళ్లకు బహుమతి రాదు. పైగా లాటరీ టికెట్ల కోసం మన దేశం నుంచి విదేశాలకు డబ్బు పంపడాన్ని విదేశీ మారక నిబంధనలు నిషేధించాయి. రిటైరైన మా సహోద్యోగి ఒకాయన అలాంటి మెసేజ్ పట్టుకుని బ్యాంకుకు బయల్దేరుతూ నాకు చూపించారు. ముందు 'ప్రాసెసింగ్ ఛార్జీలు' కట్టాలట. అందులో గెలిచిన నంబరు పన్నెండంకెలు ఉంది. "మాస్టారూ, ఆ బంతుల మీద ఉండేది ఐదంకెలే" అన్నాను. ఆయన కాసేపు ఫోన్ వైపే చూసి, చెప్పులు విప్పి లోపలికొచ్చి కూర్చున్నారు.