కాంక్రీటు మన్నికపై అపోహలు - వాస్తవాలు

వంతెనల పనుల్లో కాంక్రీటు నాణ్యత చూడటం నా ఉద్యోగం. సైట్లో రోజూ వినపడే మాటలకు నా జవాబులివి.

అపోహ: సిమెంటులో ఫ్లై యాష్ (బొగ్గు కాల్చగా వచ్చే బూడిద), స్లాగ్ (ఇనుము తయారీలో మిగిలే చిట్టెం) కలపడమంటే కల్తీ చేయడమే.

ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్ కూడా పుడుతుంది. దానివల్ల వచ్చే బలం తక్కువ, పైగా నీళ్లకు మెల్లగా కరిగిపోతుంది. ఫ్లై యాష్‌లోని సిలికా దాన్ని పట్టుకుని మళ్లీ గట్టి బంకగా మారుస్తుంది. సన్నటి రంధ్రాలు పూడుకుపోయి, ఉప్పునీటిలోని, తుప్పు పట్టించే క్లోరైడ్లు లోపలి ఇనుప ఊచల దాకా చేరే దారి ఇరుకవుతుంది. సముద్రంలో వేసే పునాదులకు స్లాగ్ కాంక్రీటు కోరేది అందుకే. అయితే ఇది నిదానంగా జరిగే పని. 7 రోజుల క్యూబు (బలం పరీక్షించే కాంక్రీటు నమూనా దిమ్మ) చూసి తీర్పు చెప్పకండి, 56 లేదా 90 రోజులది చూడండి.

బూడిద దొరకని చోట ఎల్‌సీ3 సిమెంటు ఉంది. అందులో క్లింకర్ (సున్నపురాయి, మట్టి కలిపి బట్టీలో కాల్చగా వచ్చే సిమెంటు ముడిసరుకు) సగమే. మిగతాది కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి, కొంచెం జిప్సం. క్లింకర్‌కు బట్టీలో సుమారు 1450 డిగ్రీల వేడి కావాలి, ఈ మట్టికి 800 డిగ్రీల చుట్టుపక్కల చాలు. పైగా క్లింకర్ తయారీలో సున్నపురాయి నుంచే కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. అందుకే మామూలు సిమెంటుతో పోలిస్తే ఎల్‌సీ3తో ఉద్గారాలు 40 శాతం వరకు తగ్గుతాయి.

అపోహ: సిమెంటు ఎంత ఎక్కువ వేస్తే అంత మన్నిక.

మన్నికను తేల్చేది ముందుగా నీళ్ల నిష్పత్తి, అంటే సిమెంటు బరువుతో పోలిస్తే నీళ్లు ఎంత అన్నది. ఘనపు మీటరుకు 350 కిలోల సిమెంటు, 0.45 నిష్పత్తి అంటే నీళ్లు సుమారు 157 లీటర్లు. జారుగా లేదని ఇంకో 10 లీటర్లు పోస్తే నిష్పత్తి 0.48కి పోతుంది, మన్నిక తగ్గుతుంది. జారుదనం కావాలంటే అడ్‌మిక్చర్ (దాన్ని పెంచే రసాయనం) వాడాలి. సిమెంటు అతిగా వేస్తే లోపల వేడి పెరిగి పగుళ్లొస్తాయి.

అపోహ: బ్యాక్టీరియా కలిపిన కాంక్రీటు తనను తానే బాగుచేసుకుంటుంది, ఇక మరమ్మతులక్కర్లేదు.

బ్యాక్టీరియా సున్నపురాయి పదార్థాన్ని తయారుచేసి సన్నటి పగుళ్లను పూడ్చే మాట నిజమే. నీళ్లు దిగకుండా ఆపుతుంది. బరువు మోయలేక వచ్చిన పగులును మాత్రం అది అతకలేదు.

అపోహ: క్యూబ్ టెస్ట్ పాసైతే కట్టడం పాసైనట్టే.

క్యూబు 28 రోజులు నీళ్ల తొట్టిలో హాయిగా నానుతుంది. పియర్‌కు (వంతెన స్తంభానికి) ఆ సుఖం ఎక్కడిది?

ఓ పాత పియర్ నుంచి కోర్ (గుండ్రటి కాంక్రీటు ముక్క) తీసి, క్షారం తగిలితే గులాబీ రంగుకు తిరిగే ఫినాల్ఫ్తలీన్ చల్లాం. లోపలి భాగం గులాబీ రంగుకు తిరిగింది. పైన 20 మిల్లీమీటర్లు రంగు మారలేదు. అంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ అంతవరకు దిగి, ఇనుమును కాపాడే క్షారగుణాన్ని తీసేసింది. ఊచ కూడా సరిగ్గా అక్కడే ఉంది, ఎర్రగా తుప్పుపట్టి. డ్రాయింగ్‌లో కవర్ (ఊచ మీద ఉండాల్సిన కాంక్రీటు మందం) 40 మిల్లీమీటర్లు. ఈ చొరబాటు కాలానికి వర్గమూలంగా సాగుతుంది కాబట్టి, కవర్ సగమైతే రక్షణ కాలం పావు వంతుకు పడిపోతుంది.

ఫ్లై యాష్ కాంక్రీటులో ఆ క్షార నిల్వ ఇంకా తక్కువ. దానికి తడి మరిన్ని రోజులు కావాలి. సరిగా నానని చోట కార్బనేషన్ (ఈ కార్బన్ డయాక్సైడ్ చొరబాటు) వేగంగా దిగుతుంది.

అందుకే పోత ముందురోజు నేనే స్కేలు పట్టుకుని ఊచలకూ షట్టరింగ్‌కూ మధ్య సందు కొలుస్తాను. ఆ సందును నిలిపే కవర్ బ్లాకు నలిగి పక్కకు పడి ఉంటే, అది సరిచేసేదాకా పోతకు సంతకం పెట్టను.