సూర్యుడి అడుగు పొరల్లో బాంబులు

1917లో కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ వేధశాలలో ఫెర్డినాండ్ ఎల్లర్‌మన్ సూర్యుడి వర్ణపటంలో ఒక విచిత్రాన్ని గురించి రాశాడు. హైడ్రోజన్ ఎర్రగీత (656.3 నానోమీటర్లు) నడుమ ఎప్పటిలాగే నల్లగా ఉంది. దానికి రెండు పక్కలా మాత్రం సన్నటి వెలుగు చార మెరిసి, కొద్ది నిమిషాల్లో ఆరిపోతోంది. వీటినే ఇప్పుడు ఎల్లర్‌మన్ బాంబులంటున్నారు.

పేలుడు ఎక్కడ జరుగుతోందో ఆ గీతే చెబుతుంది. గీత నడిమి కాంతి సూర్యుడి వాతావరణంలోని వర్ణావరణం అనే పొర నుంచి వస్తుంది, పక్కల కాంతి దాని కిందున్న కాంతిమండలం, అంటే మనకు కనిపించే సూర్యుడి ఉపరితలం, నుంచి. కాబట్టి పేలేది కింద. పైనున్న వాయు తంతువులు దాన్ని కప్పేస్తున్నాయి.

కొత్తగా పైకి ఉబికే అయస్కాంత రేఖలు గుడ్డలో కుట్టు దారంలా ఉపరితలం పైకీ కిందికీ పోతుంటాయి. వ్యతిరేక ధ్రువాలు ఎదురుపడిన చోట రేఖలు తెగి కొత్తగా అతుక్కుంటాయి, దాచుకున్న శక్తి వేడిగా మారుతుంది. చోటు చూస్తే కొన్ని వందల కిలోమీటర్లే.

ఇంతవరకూ పేచీ లేదు. 2013లో నాసా పంపిన ఐరిస్ ఉపగ్రహం అతినీలలోహిత కాంతిలో చూసేసరికి చిక్కొచ్చింది. మూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న సిలికాన్ గీతలు అక్కడ ధగధగలాడాయి. అవి మామూలుగా 80,000 డిగ్రీల వేడిలో కనిపించేవి. పైగా ఆ వెలుగు మీదే చల్లటి ఇనుము, నికెల్ వాయువుల నల్లగీతలు! వేడి పదార్థం చల్లటి పొర అడుగున ఉందన్నమాట. కానీ అంత వేడిలో హైడ్రోజన్ పరమాణువులు ఎలక్ట్రాన్లు కోల్పోయి, ఎల్లర్‌మన్ చూసిన ఎర్రగీత వెలుగే మిగలదు. సాంద్రత ఎక్కువైతే 20,000 డిగ్రీల లోపే సిలికాన్ అలా మెరవవచ్చని కొందరు వాదించారు.

ఈ చిక్కుముడి విప్పడంలో ఓస్లో విశ్వవిద్యాలయంవారి కంప్యూటర్ నమూనాల పాత్ర చాలా పెద్దదని నా అభిప్రాయం. 2019లో వారు చూపిన దృశ్యంలో పేలుడు ఒక బిందువు కాదు, నిలువుగా సాగిన పలుచటి విద్యుత్ ప్రవాహపు పొర. దాని అడుగున ఎల్లర్‌మన్ బాంబు, పైన అతినీలలోహిత విస్ఫోటం, అంటే ఐరిస్ చూసిన వెలుగు. రెండు వేడిమిలు, రెండు ఎత్తులు.

సూర్యమచ్చల దగ్గరే కాదు, ప్రశాంతంగా కనిపించే చోట్లా ఇవి ఉన్నాయి. లా పామా ద్వీపంలోని స్వీడిష్ టెలిస్కోపుతో 486.1 నానోమీటర్ల నీలిగీతలో చూసి, ఏ క్షణాన చూసినా సూర్యుడి మీద దాదాపు 5 లక్షలు ఉంటాయని 2020లో అంచనా వేశారు. వీటిని కచ్చితంగా నమూనా కట్టడం ఇప్పటికీ కష్టమే: రేఖలు తెగే పొర, కంప్యూటర్ లెక్క కోసం సూర్యుణ్ణి విడగొట్టే గడుల కన్నా ఎంతో పలుచన.