నిండు కాలువ గట్టు జారదు

చిరంజీవులైన మనవలకూ మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ మామ్మా నేనూ క్షేమం. కాలువలకు నీళ్ళు వదిలి మూడు వారాలయింది. ఆకుమళ్ళు పోశారు. చీకటి పడేసరికి పెరడంతా కప్పల బెకబెకలతో నిండిపోతున్నది. సెలవులు ముగిసి మీరు బయలుదేరే రోజున చిన్నమ్మాయి నన్నొక ప్రశ్న అడిగింది. "తాతయ్యా, మా పక్కింటి ఆంటీ నిద్ర బాగా పట్టాలని విటమిన్ బిళ్ళలు వేసుకుంటుంది. నువ్వూ అవే వేసుకుంటే రాత్రిపూట ఆ ముక్కు తొండం పెట్టుకోనక్కరలేదు కదా?" అన్నది. నిద్రలో ఊపిరి ఆగకుండా నా ముక్కులోకి గాలి ఊదే యంత్రానికి ఆమె పెట్టిన పేరు ముక్కు తొండం. బస్సుకు వేళవుతున్నదని అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. పెద్దవాళ్ళకూ ఇదే అనుమానం వస్తున్నది. కొందరు ఎవరినీ అడక్కుండానే యంత్రాన్ని అటకెక్కించి మాత్రల సీసా కొనుక్కుంటున్నారు. అందుకని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మీరు వచ్చిన నాలుగో రోజున పెరటి వెనక కాలువ గట్టు జారిపోయింది, జ్ఞాపకముందా? నిండుగా నీరున్నన్నాళ్ళూ చెక్కుచెదరని గట్టు, మరమ్మతులకని కాలువ కట్టేసిన వారానికే ఎందుకు జారిందని పెద్దవాడు అడిగాడు. కాలువలో నీరు ఊరికే పారిపోదు నాయనా. పారుతూనే రెండు గట్లనూ లోపలినుంచి అదిమి నిలబెడుతుంది. ఆ నీరు దిగిపోగానే, నాని బరువెక్కిన మెత్తటి మన్నుకు ఆనిక లేక లోపలికి ఒరిగిపోతుంది.

మన గొంతులో కూడా అటువంటి మెత్తటి గట్ల కాలువ ఒకటున్నది. ముక్కు చుట్టూ ఎముక ఉంటుంది, కిందనున్న ఊపిరిగొట్టానికి గట్టి మృదులాస్థి కమానులు ఉంటాయి. నడుమ, నాలుక వెనక, కొండనాలుక దగ్గర కొంతమేర మాత్రం అంతా కండే. మెలకువలో ఆ కండరాలు బిగువుగా ఉండి దారిని తెరిచి ఉంచుతాయి. నిద్రలో ఒళ్ళంతా సడలినట్టే అవీ సడలుతాయి. దారి ఇరుకైతే గాలి ఒరుసుకుంటూ పోయి మెత్తటి భాగాలు అదురుతాయి, అదే గురక. కొందరికి ఆ దారి పూర్తిగా మూసుకుపోతుంది. ఛాతీ లేస్తూ పడుతూనే ఉంటుంది గాని గాలి లోపలికి పోదు. పది సెకన్లో, ఇరవయ్యో, ఒక్కొక్కప్పుడు నిమిషం దాకానో అలా జరుగుతుంది. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు.

మీ ముత్తాతగారు కాలువ లస్కరుగా పనిచేశారు. తూముకు గుర్రపుడెక్క పట్టినా, తాటిమట్ట అడ్డం పడినా, అర్ధరాత్రి లాంతరు పుచ్చుకుని పరుగెత్తవలసింది ఆయనే. అడ్డు తీసి ఇంటికి వచ్చి నడుం వాల్చేలోగా మరొకరు వచ్చి తలుపు తట్టేవారు. మన తలలో కూడా అటువంటి లస్కరు ఒకడున్నాడనుకోండి. రక్తంలో ప్రాణవాయువు తగ్గగానే వాడు లేచి, గొంతు కండరాలను బిగించి, దారి తెరిచి మళ్ళీ పడుకుంటాడు. నాకు పరీక్ష చేసినప్పుడు, అంటే వేలికి ఒక క్లిప్పు, ఛాతీకి పట్టీలు, ముక్కు దగ్గర సన్నని గొట్టం పెట్టి ఒక రాత్రంతా నా ఊపిరిని నమోదు చేసినప్పుడు, గంటకు 34 సార్లు ఊపిరి ఆగడమో బాగా సన్నగిల్లడమో జరుగుతున్నదని తేలింది. పెద్దవాళ్ళలో గంటకు 5 దాటితే జబ్బు కిందనే చూస్తారు, 30 దాటితే తీవ్రమైనదని లెక్క. ఏడు గంటల నిద్రలో ఆ లస్కరు దాదాపు 240 సార్లు లేచాడన్నమాట. వాటిలో ఒక్కటీ నాకు జ్ఞాపకం లేదు. తెల్లవారేసరికి తలనొప్పి, పగలంతా మత్తు, మందులకు లొంగని రక్తపోటు మాత్రం ఉండేవి.

మా నాన్నగారి గురక రెండిళ్ళ అవతలికి వినబడేది. ఎండాకాలం కొబ్బరిచెట్ల కింద వరసగా నులకమంచాలు వేసుకుని పడుకునేవాళ్ళం. నడిరేయి ఆ గురక ఉన్నట్టుండి ఆగిపోయేది. నేను ఆకాశంలో చుక్కలు లెక్కపెట్టేవాణ్ణి. ఇరవయ్యో, ఇరవై రెండో చుక్క దగ్గరకు వచ్చేసరికి ఆయన ఉలిక్కిపడ్డట్టు పెద్దగా ఊపిరి పీల్చేవారు, గురక మళ్ళీ మొదలయ్యేది. నాకది ఆటగా ఉండేది. "పగలంతా కష్టపడ్డ మనిషి, ఒళ్ళెరగకుండా నిద్రపోతున్నాడు" అని మా అమ్మ తృప్తిపడేది. పగటివేళ ఆయన లాకుల దగ్గర కూర్చున్నచోటనే కునికేవారు. ఊళ్ళో సోమరి అని పేరు పడింది. ఒకసారి తూము తలుపు వేళకు దించలేదని నలుగురిలో మాట పడి, ఆ రోజు అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకున్నారు. పరీక్ష చేయని జబ్బును ఉన్నదని తేల్చకూడదు. అయినా నా పరీక్ష కాగితం చేతికి వచ్చిన రోజున నాకు మొట్టమొదట జ్ఞాపకం వచ్చినది ఆ చుక్కల లెక్క. గురక పెట్టేవాడిది గాఢనిద్ర అనీ, పగలు కునికేవాడు బద్ధకస్తుడనీ మీరు ఎవరి గురించీ అనకండి.

ఇక నా ముక్కు తొండం సంగతి. దానిపేరు సీప్యాప్. అందులో ప్రత్యేకమైన ప్రాణవాయువేమీ లేదు, ఉన్నది మన గదిలో గాలే. దాన్ని కొద్ది ఒత్తిడితో ఎడతెగకుండా లోపలికి పంపితే, నిండు కాలువ నీరు గట్లను పట్టి ఉంచినట్టే ఆ గాలి గొంతు గోడలను పట్టి ఉంచుతుంది. నాకు ఆశ్చర్యం కలిగించిన విషయమేమిటంటే, ఆ ఒత్తిడిని సెంటీమీటర్ల నీటితోనే కొలుస్తారు! నాకు పెట్టినది 9 సెంటీమీటర్లు. బెత్తెడుకు కాస్త మించిన లోతు నీరు ఎంత బరువు మోపుతుందో అంతే. 1980లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో కోలిన్ సల్లివన్ అనే వైద్యుడు, ఇళ్ళు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ మోటారుతో గాలి ఊదించి దీన్ని మొదటిసారి ప్రయోగించాడు. అంతకుముందు ఈ జబ్బు ముదిరితే మెడకు రంధ్రం చేసి ఊపిరికి దారి చూపడమే గట్టి వైద్యం. ఆ బెత్తెడు నీటి బరువు ఎన్ని మెడలను కత్తి నుంచి కాపాడిందో ఆలోచించండి.

మరి విటమిన్ల మాట. కాలువకు గట్టు నిలబడడం ఒక అవసరం, పూడిక తీయడం మరొక అవసరం. ఎంత పూడిక తీసినా జారే గట్టు నిలబడదు. డి విటమిన్ వేసుకున్నంత మాత్రాన నిద్రలో మూసుకుపోయే గొంతు తెరుచుకోదు. అయితే గట్టు నిలబడ్డాక కూడా నీరు మందగిస్తే పూడిక ఎక్కడుందో వెతకాలి. యంత్రం పెట్టుకున్న కొత్తలో నాకు నిద్ర పూర్తిగా తేరుకోలేదు. డాక్టరుగారు రక్తపరీక్ష చేయిస్తే బి12 తక్కువని తెలిసింది. వయసు మీరినవాళ్ళకు అది ఒంటికి పట్టడం తగ్గుతుంది. నేను చాలా ఏళ్ళుగా వేసుకుంటున్న మెట్‌ఫార్మిన్ అనే చక్కెర మాత్ర కూడా దాన్ని తగ్గిస్తుంది. లోటు భర్తీ చేశాక పగటి నీరసం తగ్గింది. గురక మాత్రం ఆ బిళ్ళలకు లొంగలేదు. యంత్రం లేని రాత్రి అది యథాప్రకారం తిరిగివచ్చింది.

మీ మామ్మది వేరే కథ. దీపాలు పెట్టే వేళకు ఆమె కాళ్ళలో చీమలు పాకినట్టుండి, కదపకుండా ఉండలేక, రాత్రి సగం వసారాలో పచార్లు చేసేది. ఒంట్లో ఇనుము నిల్వలు తక్కువైతే అలా జరుగుతుందట. ఇనుము విటమిన్ కాదు, ఖనిజం. పరీక్ష చేసి, లోటు చూసి, ఆ మందు ఇచ్చాక కొన్ని నెలలకు కాళ్ళు నెమ్మదించాయి. ఆ మాత్రతో కాఫీ తాగితే సరిగా ఒంటబట్టదని, ఆమె దాన్ని నిమ్మరసంతో వేసుకునేది. లోటు ఉన్నచోట మందు అమృతమే. లోటు లేనిచోట అదే మందు చేటు చేయవచ్చు. బి6 అదేపనిగా ఎక్కువ మోతాదులో మింగితే నరాలు దెబ్బతింటాయి. డి విటమిన్ మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని మనవాళ్ళు ఊరికే అనలేదు.

అలవాట్ల గురించి పెద్దగా చెప్పను, చాలావరకు మీకు తెలిసినవే. రోజూ ఒకే వేళకు లేచి, పొద్దుటి వెలుగులో కాలువ గట్టు మీద కాసేపు నడుస్తాను, రాత్రి ఎప్పుడు నిద్రపోవాలో ఒంటికి ఆ వెలుగే చెబుతుంది. మూడు దాటాక కాఫీ ముట్టను. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారుతుంది గనుక పక్కకు తిరిగి పడుకుంటాను. ఒళ్ళు తగ్గితే మెడ చుట్టూ కొవ్వు తగ్గి దారి విశాలమవుతుందని డాక్టరుగారు అన్నందున రాత్రి అన్నం తగ్గించి పెందలాడే తింటున్నాను. మద్యమూ, డాక్టరు చూడకుండా వేసుకునే నిద్రమాత్రలూ గొంతు కండరాలను ఇంకా సడలిస్తాయి, ఇది పెద్దలకు చదివి వినిపించండి. మీ వయసువాళ్ళకు తొమ్మిది గంటలకు తక్కువ కాకుండా నిద్ర కావాలి, ఆ ఫోను పక్క గదిలో పెట్టండి.

చివరగా మీకొక పని అప్పగిస్తున్నాను. మీ నాన్న గురక ఈమధ్య ఎక్కువైందని మీ అమ్మ మామ్మతో అన్నది. మెడల తీరూ దవడల తీరూ వంశంలోనే వస్తాయి. ఈ శనివారం రాత్రి, మరునాడు బడి ఉండదు గనుక, పెద్దవాడు అమ్మ అనుమతితో ఒక అరగంట మేలుకుని, గడియారం దగ్గర పెట్టుకుని మీ నాన్న మంచం పక్కన నిశ్శబ్దంగా కూర్చోవాలి. గురక మధ్యలో ఆగుతున్నదా, ఆగితే ఎన్ని సెకన్లు, ఉలిక్కిపడ్డట్టు ఊపిరి తీస్తున్నాడా, అన్నీ కాగితం మీద రాయాలి. చిన్నవాడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడని మామ్మ గమనించింది, పిల్లల్లో టాన్సిల్స్ పెరిగినా ఈ ఇబ్బంది వస్తుంది, కాబట్టి వాడి మంచం దగ్గర కూడా కాసేపు చెవి పెట్టు. రాసిన కాగితం ముందు మీ అమ్మకు చూపించి, తరువాత నాకు పంపు. నేను చుక్కలు లెక్కపెట్టి ఊరుకున్నాను. నువ్వు సెకన్లు లెక్కపెట్టి రాయి.

ఇట్లు,
మీ తాతయ్య